పాత కుట్టు మీద మాయ

“మొదటి కాన్పుకు ఆపరేషన్ ఎందుకు చేసిన్రు?” అని డాక్టరమ్మ అడిగింది. తల వంచుకుని రాసుకుంటూనే అడిగింది. రోజూ ఎంతమందినో అడిగే ప్రశ్నే అయి ఉంటుంది.

నా బిడ్డ నా వైపు చూడలేదు. “ఉమ్మనీరు తగ్గిందన్నరు మేడం” అంది.

అది అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. చుట్టాలకూ, అల్లుడికీ, వియ్యపురాలికీ ఐదేళ్లుగా చెప్పి చెప్పి ఒక్కోసారి నాకే నిజమనిపించేది. కానీ ఆ రోజు నారాయణగూడ ఆస్పత్రిలో, స్కానింగ్ కాగితాలు ముందేసుకుని కూర్చున్న డాక్టరు దగ్గర, నా బిడ్డ నోటి నుంచి ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టయింది. కాదు అని చెప్పబోయాను. నోరు పెగల్లేదు. నలభై మంది ఆడపిల్లల్ని పొద్దునా సాయంత్రం గదమాయించే నోరు అది.

నేను అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్ నడుపుతాను. కింద మేముంటాం, పై రెండంతస్తుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు. మా ఆయన పోయాక మొదలుపెట్టాను. గీజర్ ఆపకపోతే అరుస్తాను, అన్నం పారేస్తే అరుస్తాను, ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడితే ఎవరితో అని కూడా అడగకుండా అరుస్తాను. పిల్లలు నాకు పెట్టుకున్న పేరేదో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నాకు ముక్కు మీద కోపం, మనసులో మాట దాగదు అని అందరూ అంటారు. ఆ రెండోది తప్పు. ఒక్క మాట మాత్రం ఐదేళ్లు దాగింది.

మొదటి కాన్పు పుట్టింట్లో చేయడం మాకు ఆనవాయితీ. అల్లుడి వాళ్లది దోమలగూడ, పట్టుమని పదిహేను నిమిషాల దూరం. అయినా ఏడో నెలలో బిడ్డను తెచ్చుకున్నాను. అంతా మంచిగానే ఉంది. బిడ్డ తల కిందికి తిరిగింది, నీరు సరిపోయినంత ఉంది, ఇంకో పది రోజులు చూద్దాం, నొప్పులు వాటంతటవే వస్తాయి అన్నారు అప్పుడు చూసిన నర్సింగ్ హోంలో. అది ఇప్పుడు లేదు, మూసేశారు. నాకు ఆగబుద్ధి కాలేదు. చిక్కడపల్లిలో మాకు తెలిసిన అయ్యగారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన పంచాంగం తిప్పి, వచ్చే గురువారం పుష్యమి నక్షత్రం కలిసి వస్తున్నదమ్మా, పొద్దున తొమ్మిదిన్నర దాటాక పుట్టిన పిల్లలు ఇంటికి వెలుగు అన్నాడు. ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీని నేను పర్సులో కాదు, జాకెట్లో పెట్టుకుని వచ్చాను.

“నొప్పులొచ్చేదాంక ఆగుదామమ్మా” అంది నా బిడ్డ, ఒకసారి కాదు, మూడుసార్లు. నేను వినలేదు. మా అక్క మనవడు ముహూర్తానికే పుట్టాడు, మా తోడికోడలి మనవరాలు ముహూర్తానికే పుట్టింది. వాళ్లు పెళ్లిళ్లలో కూర్చుని ఆ నక్షత్రాల సంగతి చెప్పుకుంటుంటే నేను విని వచ్చినదాన్ని. నర్సింగ్ హోంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ గురువారానికి చీటీలు పట్టుకుని ఇంకో ఇద్దరు వచ్చారట. మాకు తొమ్మిది నలభైకి దొరికింది. పాప పుట్టింది, చంద్రబింబంలా ఉంది. అందరం సంతోషించాం. నేనైతే ఎగిరి గంతులేశాను.

ఉమ్మనీటి కథ ఎందుకల్లానంటే వియ్యపురాలికి కోతలంటే గిట్టదు. “మా ఇంట్ల అందరికి మామూలు కాన్పులే” అని సీమంతం నాడే చెప్పింది. ఊరికే కోయించానంటే ఊరుకుంటుందా? నీరు తగ్గింది, ఇక ఆగితే పాపకు ప్రమాదమన్నారు అని నేనే ఫోన్ చేసి చెప్పాను. అల్లుడు హడావిడిగా వచ్చేసరికి పాప బయటికి వచ్చేసింది. పక్కన పడుకుని నా బిడ్డ అంతా వింది. అవునని అనలేదు, కాదని అనలేదు. తర్వాత ఎవరడిగినా అదే చెప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు రెండో కాన్పుకు ఏడో నెల. నారాయణగూడ డాక్టరమ్మ ఒక కాగితం వెనక్కి తిప్పి బొమ్మ వేసింది. గర్భసంచి, అందులో బిడ్డ, కింద ఒక అడ్డగీత.

“ఈ గీత పాత కుట్టు” అంది. “మామూలుగ బిడ్డ పుట్టంగనే మాయ దానంతట అదే ఊడొస్తది. ఈమెకు మాయ కిందికి దిగి సరిగ్గ కుట్టు మీదికొచ్చి కూసున్నది. కుట్టు కాడ కండ పల్చగుంటది. అందుకని లోపలికి పాకి అతుక్కపోయింది. చెయ్యి పెట్టి పీకితే రక్తం ఆగదు. అందుకే పీకం. బిడ్డను పైనుంచి తీసి, మాయను ముట్టకుంట గర్భసంచితోని సహా తీసేస్తం.”

నా బిడ్డ ఒక్కటే అడిగింది. “లోపలున్న బిడ్డకేమైతది మేడం?”

“నెలలు నిండకముందే తీస్తం గనక చిన్నగ ఉంటది. ఊపిరికి కొన్ని రోజులు కష్టపడొచ్చు. దానికి ముందుగాల సూదులిస్తం. నీ సంగతే జర ఎక్కువ చూసుకోవాలె. కని ముందే తెల్సింది గద, అదే మంచిదైంది. తెల్వకుంట నొప్పులొస్తే తల్లులు టేబుల్ మీదనే పోతరు.” ఆమె ఇదంతా మెత్తగానే చెప్పింది. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది, దానివల్లే మేము ఏడవకుండా వినగలిగాం.

నేను అప్పుడు నోరు తెరిచాను. “ఒక్క కోతకే ఇట్లయితదా మేడం?”

“ఒక్క కోతకు అందరికి కాదమ్మా, చాన తక్కువమందికే అయితది. కోతలు పెరిగినకొద్ది ఎక్కువ. అయితే ఆ మొదటి కోతే లేకుంటే, ఇది చాలామట్టుకు ఉండేదే కాదు.”

బయటికొచ్చాం. నారాయణగూడ చౌరస్తా ఎప్పటిలాగే హారన్లతో మోగుతోంది. చెరుకురసం తాగుతానంది నా బిడ్డ. ఐస్ వద్దని బండివాడికి చెప్పింది, గ్లాసు కడిగి ఇవ్వమంది, నెమ్మదిగా తాగింది. నేను పక్కన నిలబడి, “డాక్టర్‌కు అబద్ధమెందుకు చెప్పినవు బిడ్డా?” అన్నాను.

“ఇప్పుడెందుకమ్మా ఆ ముచ్చట” అంది. గ్లాసు తిరిగిచ్చింది.

నా పరువు కాపాడుతోంది అనుకున్నాను. ఆటోలో ఇంటికి వచ్చేదాకా దాని చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. నా పరువు కోసం నా బిడ్డ డాక్టరు ముందు అబద్ధమాడుతోంది, ఇక నా బతుకెందుకు అనిపించింది.

ఆ తర్వాత వారాలు మెల్లగా నడిచాయి. పని చేయొద్దు, బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు అన్నారు. బిడ్డను మా ఇంట్లోనే ఉంచుకుని కిటికీ పక్కన మంచం వేశాను. ఐదేళ్ల మనవరాలు దాని మీదే కూర్చుని రంగులు వేసుకునేది. హాస్టల్ పిల్లలు క్లాసు నుంచి వస్తూ ఒకరు జామకాయ, ఒకరు మొక్కజొన్న కంకి తెచ్చి “అక్కా, తిను” అని పెట్టిపోయేవాళ్లు. నేను అరవడం తగ్గించానని వాళ్లకు భయం పట్టుకుందట. “ఆంటీ అరుస్తలేదంటే మంచిగ లేదన్నట్టు” అని ఒకమ్మాయి అనడం నేను విన్నాను.

ఎనిమిదో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం రక్తం కనిపించింది. ఎక్కువ కాదు, నొప్పి లేదు. అయినా ఆస్పత్రిలో చేర్చేశారు, ఇక ఆపరేషన్ దాకా ఇంటికి పంపేది లేదన్నారు. రక్తం చాలా కావాలి, మీ వాళ్లను పట్టుకురండి, ఎవరి గ్రూపైనా సరే, మేము మార్చి ఇస్తాం అన్నారు. నేను పై అంతస్తుకు వెళ్లి అడగకముందే పిల్లలు చెప్పులేసుకున్నారు. పంతొమ్మిది మంది వచ్చారు. వేలికి గుచ్చి చూసి నలుగురు పనికొస్తారన్నారు. మిగతా పదిహేను మందికి రక్తమే తక్కువట. “వీళ్లు ఎక్కడ తింటరమ్మా?” అని అక్కడి సిస్టర్ నన్నే అడిగింది. నా హాస్టల్లో తింటారని చెప్పడానికి నాకు చచ్చినంత సిగ్గయింది. నా నీళ్ల పప్పుకు అంత నిజాయితీగా ఎవరూ మార్కులేయలేదు. ఆ మర్నాటి నుంచి మా వంటామెకు చెప్పి వారానికి నాలుగు రోజులు ఆకుకూర, రోజూ గుడ్డు పెట్టిస్తున్నాను. పిల్లలు ఇప్పుడు గోంగూర చూస్తే మొహం తిప్పుకుంటున్నారు, అది వేరే సంగతి. మిగిలిన రక్తం అల్లుడి ఆఫీసువాళ్లు ఇచ్చారు.

డాక్టరమ్మ తేదీ చెప్పింది. వచ్చే మంగళవారం పొద్దున. మాయ మూత్రాశయం పక్కనే అతుక్కుని ఉంది గనుక దానికి వేరే సర్జన్ రావాలి, మత్తు డాక్టర్లు ఇద్దరుండాలి, పసిపిల్లల డాక్టరుండాలి, రక్తం బ్యాగులు బల్ల పక్కనే ఉండాలి. అందరూ కుదిరింది ఆ రోజే. ఒకసారి రక్తం కనిపించింది గనుక ఇంక ఆలస్యం చేయను అంది.

క్యాలెండర్ చూశాను. మంగళవారం, పైగా అమావాస్య.

ఆదివారం పదింటికి వియ్యపురాలు, అల్లుడు మా ఇంటికి వచ్చారు. ఆమె చేతిలో చీటీ ఉంది. చూడగానే పోల్చుకున్నాను, చిక్కడపల్లి అయ్యగారి చేతిరాత. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ముహూర్తాలు బాగా పెడతాడని నేనే ఆమెకు ఆయన్ని చెప్పి ఉన్నాను. హాస్టల్ పిల్లలు మనవరాల్ని బొమ్మలేద్దాం దా అని పైకి తీసుకుపోయారు.

“శుక్రవారం పొద్దుగాల మంచిగున్నదట వదినా” అంది. “మూడు దినాలే గద. మంగళవారం, అమాస, అసొంటి రోజున అంత పెద్ద ఆపరేషనా? నా కోడలు దవాఖాన్లనే ఉన్నది, డాక్టర్లు కండ్ల ముంగటనే ఉన్నరు. మూడు దినాలకు ఏమైతది? నువ్వే చెప్పు, నీకు ఈ పట్టింపులు నాకన్న ఎక్కువ.”

అల్లుడు నా వైపు చూశాడు. మంచివాడు. భయపడి ఉన్నాడు. “డాక్టర్‌ను ఒకసారి అడిగి చూద్దామా అత్తమ్మా? అమ్మకు మనసొప్పుతలేదు. మీరు గూడ ఒక మాట అంటే...” అన్నాడు. సంతకం పెట్టాల్సింది అతనే.

డాక్టరు ఒప్పుకోదు అని చెప్పి ఊరుకోవచ్చు. చెప్పాను కూడా. ఆమె వినలేదు, డాక్టర్లు గట్లనే అంటరు, గట్టిగ అడిగితే వింటరు అంది. గట్టిగా అడిగితే డాక్టర్లు వింటారని నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు! నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. ఆ చీటీ మీద, ఆ మడత మీద, ఆమె మొహంలో కనిపిస్తున్న నా మొహం మీద.

“వదినా, నేనొకటి చెప్త, కూసోని విను” అన్నాను. “దాని మొదటి కాన్పుల నీరు తగ్గలే. అంత మంచిగనే ఉండె. పది రోజులు ఆగుమన్నరు. నేనే ఆగలే. ఇదే అయ్యగారు రాసిచ్చిన చీటీ పట్టుకపోయి, గురువారం తొమ్మిది నలభైకి నేనే కోయించిన. అది వద్దన్నది. మూడుమార్లు వద్దన్నది. ఆ కోత మీదనే ఇప్పుడు మాయ అతుక్కున్నది. మొదటి చీటీతోని దాని గర్భసంచి పోతున్నది. ఈ చీటీతోని పాణం పోవద్దు.”

అంత గట్టిగా అన్నానని నాకు తెలియలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అల్లుడు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.  అతను నన్ను తిట్టినా బాగుండేది.

వియ్యపురాలు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, “ఐదేండ్లు దాపెట్టినవు” అంది. “నాకు చెప్తే నిన్ను కొరుక్కతింటుంటినా వదినా?” ఆ చీటీ చింపలేదు, పారేయలేదు. అది చేతిలో ఉన్న సంగతే మరిచిపోయినట్టుంది. కొడుకు వైపు తిరిగి, “మంగళారమే చెయ్యమను. పోయి సంతకం పెట్టు” అంది. నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

మంగళవారం ఏడున్నరకు నా బిడ్డను లోపలికి తీసుకుపోయారు. చక్రాల మంచం మీద నుంచే, “పాపకు మధ్యాహ్నం పెరుగన్నం పెట్టమను, ఫ్రిజ్‌ల పెరుగు పెట్టొద్దను, దగ్గొస్తది” అంది. అంతే. మేం ముగ్గురం హాలులో కూర్చున్నాం. వియ్యపురాలు నా పక్క కుర్చీలోనే కూర్చుంది గానీ మాట్లాడలేదు. ఒకసారి నీళ్ల సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది.

తొమ్మిది దాటాక సిస్టర్ బిడ్డను తీసుకుని బయటికి వచ్చింది. బాబు. రెండు కిలోలకు కొంచెం ఎక్కువ. అరిచేతంత మొహం, నీలం తువ్వాలులో మునిగిపోయాడు. పిల్లికూన అరిచినట్టు సన్నగా అరుస్తున్నాడు. అరుస్తున్నాడు అదే చాలు అంది సిస్టర్, ఒక్క నిమిషం చూపించి పిల్లల ఐసీయూకు తీసుకుపోయింది. అల్లుడు వెంట పరుగెత్తాడు.

ఆ తర్వాత తలుపు తెరుచుకోలేదు. పది. పదిన్నర. ఒకతను రక్తం బ్యాగులున్న డబ్బా పట్టుకుని లోపలికి పోయాడు, కాసేపటికి మళ్లీ ఇంకో డబ్బాతో పోయాడు. నా జీవితంలో ఎన్నో మొక్కులు మొక్కాను. ఆ రోజు ఒక్క మొక్కూ గుర్తుకు రాలేదు. అది బతకాలి, అది బతకాలి అని మాత్రమే అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను, వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుంది.

పన్నెండు కావస్తుండగా డాక్టరమ్మ వచ్చింది. టోపీ తీసి జుట్టు సర్దుకుంటూ, “తల్లి బాగుంది” అంది ముందు. తర్వాత మిగతావి చెప్పింది. గర్భసంచి తీసేశారు. మూత్రాశయానికి కొంచెం చిరిగితే కుట్టేశారు, రెండు వారాలు గొట్టం ఉంటుంది. రక్తం చాలా పోయింది, చాలా ఎక్కించారు. ఒక రోజు ఐసీయూలో ఉంచుతాం అంది. “మూడు దినాలు ఆగితే ఏమైతుండెనమ్మా?” అని అడిగింది వియ్యపురాలు. డాక్టరమ్మ ఆమె వైపు చూసి, “ఆగలేదు గద, వదిలెయ్యండి” అంది. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

బాబుకు నాలుగు రోజులు ముక్కుకు గాలి గొట్టం పెట్టారు. ఐదో రోజు తీశారు. పాలు గొట్టంలోంచి, తర్వాత చెంచాతో. తల్లి పాలు పిండి ఇస్తే చిన్న స్టీలు గిన్నెలో పట్టుకుని మూడో అంతస్తు నుంచి మొదటి అంతస్తుకు వెళ్లడం నా పని, వియ్యపురాలి పని. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. “ఈపూట ఐదు ఎమ్మెల్ ఎక్కువ తాగిండు” అని మెట్ల దగ్గర చెప్పుకునేవాళ్లం. అట్లా మాటలు మళ్లీ మొదలయ్యాయి.

వార్డుకు మార్చిన మూడో రోజున నా బిడ్డకు చెప్పాను. దానికి అన్నం తినిపిస్తూ చెప్పాను, మొహం చూడకుండా చెప్పడానికి అదే వీలు. “మీ అత్తకు, మీ ఆయనకు అంత చెప్పేసిన బిడ్డా. ఇగ నువ్వు నా కోసం అబద్ధాలాడే పని లేదు.”

అది నమలడం ఆపింది.

“ఎవరెవరు విన్నరు?” అంది.

“వాళ్లిద్దరే. వంటామె విన్నదేమో.”

“పాప?”

“పాప పైనుండె.”

కళ్లు మూసుకుంది. మెల్లగా, “నీ కోసం కాదమ్మా నేను దాచింది” అంది. “నీ మీద నాకు కోపముండె. కడుపుల పెట్టుకున్న, పోయింది. దాచింది పాప కోసం. రేపు పెద్దగైనంక దానికి ఎవరో ఒకరు చెప్తరు. నీ నక్షత్రం కోసం మీ అమ్మను కోసిన్రు, దానితోనే మీ అమ్మ చావు దాంక పోయొచ్చింది అని. అది ఏం చేసింది పాపం? తన మంచి ఘడియకు అమ్మ ఇంత పడ్డదని అది జన్మంత మోస్తది.”

అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఐదేళ్లుగా ఆ తప్పు నాదేనని, దాని బరువు నా మీదే ఉందని అనుకుంటున్నాను. ఎంత గర్వం నాది, తప్పులో కూడా.

“దానికి చెప్పకుండ్రి” అంది నా బిడ్డ. “చెప్పాల్సొస్తే నేనే చెప్త.” ముద్ద కోసం నోరు తెరిచింది. పెట్టాను.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. బాబు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. నా బిడ్డ ఆఫీసుకు వెళ్తోంది. మనవరాలికి ఏడు దాటాయి, తెలుగు కూడబలుక్కుని చదువుతోంది, బోర్డులు, పేపర్లు, ఏది కనబడితే అది. ఇందులో ఎవరి పేర్లూ లేకపోవడానికి కారణం అదే. చెప్పే హక్కు వాళ్లమ్మది, మాటిచ్చాను. కానీ వాళ్లమ్మ చెప్పిన తర్వాత ఎప్పుడైనా ఈ కాగితాలు నీ చేతికి వస్తే, తల్లీ, ఇది మీ అమ్మమ్మ రాసిందని నీకు తెలిసిపోతుంది. అప్పుడు ఈ ఒక్క మాట చదువుకో. ఆ గురువారం నీ కోసం కాదు. పెళ్లిళ్లలో కూర్చుని నలుగురికీ చెప్పుకోవడానికి నాకు కావాల్సి వచ్చింది. నువ్వు ఎవరినీ తొందరపెట్టలేదు. నీ అంతట నువ్వే వచ్చేదానివి, నేనే రానివ్వలేదు.